బోర్డు మారదు, కాలం మారుతుంది
ఆరుబయట ప్రదర్శనల్లో పనిచేసే గైడులకు కొన్ని సూచనలు

జూపార్కు, బొటానికల్ గార్డెన్, పక్షుల కేంద్రం, మడ అడవుల్లో చెక్కబాట, శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియం, అరకు గిరిజన మ్యూజియం ఆవరణ. ఇలాంటి చోట సందర్శకులకు చూపించి, వివరించే ఉద్యోగం మీదైతే ఈ సూచనలు మీకోసమే.

ఈ ఉద్యోగంలో చేరగానే చేతికి ఓ కాగితం ఇస్తారు. ఫలానా చెట్టు పేరు, ఎత్తు, ఉపయోగాలు, ఫలానా పక్షి బరువు, రెక్కల పొడవు. అది నోటికి వచ్చేస్తే పని వచ్చేసినట్టే అనిపిస్తుంది. కాని ఆ కాగితంలో ఉన్నదంతా బోర్డు మీదా ఉంటుంది, ఫోన్లోనూ దొరుకుతుంది. జనవరిలో చెప్పిన మాటే జూన్‌లోనూ చెబితే మీకూ బోర్డుకూ తేడా ఏముంటుంది? బోర్డుకు తెలియనిది ఒక్కటే: ఈ రోజు ఇక్కడ ఏం జరుగుతోందన్నది. అది చెప్పడానికే మీరున్నారు. నాలుగు గోడల మధ్య ఉన్న మ్యూజియానికీ ఆరుబయట ప్రదర్శనకూ ఉన్న తేడా కూడా అదే. ఇక్కడ చూపించే వస్తువే నెలనెలా మారిపోతుంది.

ప్రపంచంలో తొలి ఆరుబయట మ్యూజియాల్లో ఒకటి స్వీడన్‌లోని స్కాన్‌సెన్. 1891లో అర్తూర్ హజేలియస్ దాన్ని స్టాక్‌హోమ్‌లో తెరిచాడు. పాత ఇళ్లను ఊళ్ల నుంచి తెచ్చి నిలబెట్టి, వాటి చుట్టూ పశువులనూ పండుగలనూ చేర్చాడు. ఇల్లొక్కటీ చూపిస్తే సరిపోదని, ఏ కాలంలో ఆ ఇంట్లో ఏం చేసేవారో కూడా చూపించాలని ఆయన పట్టు. అమెరికాలో నేషనల్ పార్కుల గైడుల కోసం ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ఒక పుస్తకం రాశాడు. సమాచారం అప్పజెప్పడం వివరించడం కాదనీ, వినేవాడిలో కుతూహలం రేపడమే అసలు పని అనీ అందులో ఆయన వాదన. ఈ రెండూ కలిస్తే మన పని స్వరూపం తెలుస్తుంది: కాలాన్ని చూపించాలి, కుతూహలం రేపాలి.

రెండు క్యాలెండర్లూ తెలియాలి

తెలుగువాళ్లకు కాలం గురించి చెప్పేటప్పుడు రెండు లెక్కలు కలగాపులగం అయిపోతుంటాయి. ముందు అవి మీకు స్పష్టంగా ఉండాలి.

మొదటిది తిథులు, నెలల లెక్క. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, అలా రెండేసి నెలలకు ఒకటి చొప్పున ఆరు రుతువులు. ఈ నెలలు చంద్రుడిని బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాన నెలలు కలిపితే దాదాపు 354 రోజులే. సూర్యుడి ఏడాదికి సుమారు 11 రోజులు తక్కువ. ఆ లోటు పెరిగి పెరిగి నెలకు చేరువైనప్పుడు అధిక మాసం వస్తుంది. అందుకే ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది.

రెండోది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు. 27 నక్షత్రాలకు 27 కార్తెలు. ఇది సూర్యుడిని బట్టి నడిచేది గనుక ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తుంది. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. విత్తనం ఎప్పుడు వేయాలన్నది రైతు కార్తెలతో చెప్పుకోవడానికి కారణం ఇదే. చెట్టు పూత, పక్షి రాక కూడా మోటుగా సూర్యుడి లెక్కకు దగ్గరగానే ఉంటాయి, తిథికి కాదు.

ఈ తేడా తెలిసిన గైడు ఒక చిక్కు ప్రశ్నకు సులువుగా జవాబు చెప్పగలడు. “పోయిన ఉగాదికి వేప పూత బాగా ఉంది, ఈసారి లేదేం?” అని ఎవరైనా అడిగితే, చెట్టు ఆలస్యం చేసిందో ఉగాదే ముందొచ్చిందో లెక్కచూసి చెప్పవచ్చు.

మీ ఆవరణలో నక్షత్రవనం ఉంటే ఇది చెప్పడానికి అంతకన్న మంచి చోటు లేదు. 27 నక్షత్రాలకు 27 చెట్లు నాటిన తోట అది. కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మర్రి, చిత్తకు మారేడు. సందర్శకులు సాధారణంగా తమ జన్మనక్షత్రం చెట్టు వెతుక్కుని, ఫోటో దిగి వెళ్లిపోతారు. అక్కడే ఆపి, ఆ నక్షత్రం పేరుతో ఉన్న కార్తె ఎప్పుడొస్తుందో, ఆ రోజుల్లో మీ ఊళ్లో పొలంలో ఏ పని నడుస్తుందో అడగండి. జాతకం కోసం వచ్చినవాళ్లు సాగు కబుర్లు చెప్పుకుంటూ వెళ్తారు.

సొంత రుతు పుస్తకం

పని మొదలుపెట్టిన వారంలోనే ఒక మామూలు నోట్‌బుక్ కొనుక్కోండి. మీ దారిలో పదిహేను ఇరవై చోట్లు ఎంచుకుని, వారానికోసారి అవే చోట్ల ఆగి రాయండి. ఆకు రాలుతోందా, చిగురేసిందా? మొగ్గ, పువ్వు, పిందె, పండు, వీటిలో ఏముంది? ఏ పక్షి గూడు కడుతోంది? నీటిమట్టం ఎంత? తేదీ, కార్తె రెండూ వేయండి. ఒక్క ఏడాది పూర్తయ్యేసరికి మీ చోటుకు సంబంధించి ఏ పుస్తకంలోనూ లేని సమాచారం మీ చేతిలో ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, తెలుగు నేల మీద చాలాచోట్ల కనిపించే కొన్ని గుర్తులివి.

జనవరిలో రేగుపండ్లు, మామిడి పూత. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకులన్నీ రాల్చి నిప్పులా పూసే మోదుగ, ఎర్రటి బూరుగ. మార్చి, ఏప్రిల్‌లో వేప పూత, కానుగ చిగురు, తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వు, కోకిల కూత. ఎండలు ముదిరాక పసుపు గుత్తులతో రేల, ఎర్రగా తురాయి. జూన్‌లో నేరేడు, తొలి వానకు ఆరుద్ర పురుగు. వానలు వెనకబట్టాక గునుగు, తంగేడు, ఆ వెంటే సీతాఫలం. నవంబరు నుంచి చెరువుల్లో వలస పక్షులు.

జంతువులకూ ఇలాంటి పట్టిక కావాలి. వర్షాకాలం దాటాక నెమలి పింఛం ఈకలు రాల్చేస్తుంది. అది తెలియని సందర్శకుడు నవంబరులో “ఈ నెమలికి ఏమైంది, సరిగా చూసుకోవడం లేదా?” అని మీ మీదకే వస్తాడు. ఇంకో మంచి జత: తెలంగాణ రాష్ట్ర జంతువు దుప్పి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. మగ దుప్పి ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి పెంచుకుంటుంది. కృష్ణజింక కొమ్ములు ఒకసారి వస్తే జీవితాంతం ఉంటాయి. పక్కపక్క ఎన్‌క్లోజర్లలో రెండూ ఉంటే, కాలచక్రం ఒకదాని తల మీద కనిపిస్తుంది, రెండోదాని తల మీద కనిపించదు. పెద్దగా వివరించాల్సిన పని కూడా లేదు.

మడ అడవిలో పనిచేసేవారికి రుతువుతో పాటు రోజువారీ చక్రం కూడా ఉంది. కోరింగలో చెక్కబాట కింద నీళ్లు పోటుకు నిండుతాయి, పాటుకు తీస్తాయి. పాటు సమయంలోనే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు, ఎండ్రకాయలు కనిపించేది. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది. బడి బస్సు ఎన్నింటికి రావాలో చెప్పే ముందు ఆ లెక్క చూసుకోండి.

నోట్‌బుక్ నిండుతున్న కొద్దీ ఒక తొందరపాటు వస్తుంది. ఒక ఏడాది పూత పది రోజులు ముందొస్తే వాతావరణం మారిపోయిందని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. ఆగండి. ఒక్క ఏడాది తేడాకు వాన, చలి, చెట్టు వయసు, ఏదైనా కారణం కావచ్చు. చాలా చెట్ల మీద చాలా ఏళ్ల లెక్క ఉంటేనే ఆ మాట అనాలి. అలాంటి లెక్క కోసం దేశమంతటా చెట్లను వారం వారం గమనించి నమోదు చేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. పక్షుల కోసం ఈబర్డ్ ఉంది. మీ నోట్‌బుక్‌లోవి వాటిలోనూ ఎక్కించండి.

ఒక్కో చోట అయిదు నిమిషాలు

బృందం ఆగిన ప్రతిచోటా మూడు మెట్లు పాటించండి. మొదట కంటితో జవాబు దొరికే ప్రశ్న అడగండి. తర్వాత ఒకే ఒక్క కారణం చెప్పండి. చివర వాళ్ల బతుకుతో ముడిపెట్టండి.

ఫిబ్రవరిలో మోదుగ దగ్గర ఇలా: “ఈ చెట్టుకు ఆకులున్నాయా, చూడండి.” లేవంటారు. “ఆకు అడ్డం లేకపోతే పువ్వు దూరం నుంచే పిట్టలకు కనబడుతుంది. అవి తేనె కోసం వచ్చి పుప్పొడి మోసుకెళ్తాయి.” ఇక మూడోది: “హోలీకి ఈ పూలు ఉడకబెట్టి రంగు చేసేవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? దీని ఆకులతో విస్తళ్లు కుట్టినవాళ్లు?” బృందంలో ఒక పెద్దామె నోరు విప్పుతుంది. అప్పుడు మీరు పక్కకు తప్పుకోండి. “పెద్దమ్మా, మీరు చెప్పండి” అన్న మాటకు మించిన సాధనం ఈ ఉద్యోగంలో లేదు. మన సందర్శకుల్లో వ్యవసాయం చేసినవాళ్లు, పశువులు కాసినవాళ్లు చాలామంది. మీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వచ్చారని మరవకండి.

ఇళ్ల ప్రదర్శనకూ ఇదే పద్ధతి. చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో ఆంధ్ర తీరం నుంచి వచ్చిన చుట్టిల్లు ఉంది. గుండ్రటి మట్టిగోడ, కిందికంటా వాలిన గడ్డికప్పు. “ఈ ఇంటికి మూలలెక్కడున్నాయి?” అని అడగండి. మూల లేని గోడను గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఒరుసుకుంటూ పోతుంది, కప్పు కిందికి వాలడం వల్ల గోడకు ఎండా వానా తగలవు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మేల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం మీద తిత్లీ, అన్నీ ఆ నెలల్లోనే. ఆ తేదీలు విన్న ఉత్తరాంధ్ర కుటుంబానికి ఆ ఇల్లు ఇక బొమ్మరిల్లు కాదు.

మీ సంస్థలో ఇలాంటి ఇళ్లుంటే ఒక సలహా అధికారులకు ఇవ్వండి. వానల ముందు కప్పు నేసే పని, గోడ అలికే పని మూసిపెట్టి చేయించకుండా సందర్శకుల ముందే చేయించమనండి. భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయంలో గిరిజన ఆవాసాలను ఆయా తెగలవాళ్లే వచ్చి కట్టారు. మరమ్మతు కూడా ప్రదర్శనే.

ప్రతి నెలకూ ఒక్క వాక్యం తయారుచేసుకోండి, ఆ నెలంతా మీరు చెప్పేదంతా దాని చుట్టూ తిరగాలి. జూన్‌కు: వానకోసం ఎదురుచూసేది రైతొక్కడే కాదు. అక్టోబరుకు: పండుగలో వాడే పూలు చాలావరకు బీడులో పూసినవే. జనవరికి: మనం చలికి ముడుచుకునే రోజుల్లోనే గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. అది ఎందుకంటే, నేలపట్టు పక్షుల కేంద్రంలో ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక గాని చేపలు పుష్కలంగా దొరకవు.

నమ్మకం ఎదురైనప్పుడు

తేలినీలాపురంలోనో కొల్లేటి ఆటపాకలోనో పనిచేసేవారికి రోజూ ఎదురయ్యే మాట: “ఇవన్నీ సైబీరియా పక్షులేనా?” మన పత్రికలూ చాలాకాలంగా అలాగే రాశాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్నచోటికి దేశంలోనే తిరుగుతాయి. నిజంగా దూరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. తల మీద రెండు నల్లచారలుండే బాతు మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. “కాదు, తప్పు” అని మొదలుపెడితే వినేవాడు చిన్నబుచ్చుకుంటాడు. “చాలామంది అలాగే అంటారండీ. సైబీరియా వైపు నుంచి వచ్చేవి కొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం మన దేశపువే” అనండి. ఇంకో అడుగు వేసి, తేలినీలాపురం ఊరివాళ్లు ఈ పక్షుల రాకను శుభంగా భావించి కాపాడుకుంటున్న సంగతి చెప్పండి. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయాల్సిన పనేమీ లేదు. పక్షులు ఇంకా అక్కడ గూళ్లు కడుతున్నాయంటే అందులో దాని పాత్రా ఉంది.

తొలకరికి కనిపించే ఆరుద్ర పురుగు పిల్లలకు బాగా నచ్చుతుంది. మఖమల్‌లా ఎర్రగా ఉండే ఈ జీవి నేల తడిస్తేనే పైకి వస్తుంది. కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిదుంటాయి. అంటే పేరులో పురుగని ఉన్నా ఇది కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. చూసి వదిలేయాలని, అగ్గిపెట్టెలో పెట్టుకెళ్లకూడదని ముందే చెప్పండి.

గట్టిగా చెప్పాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదన్నది మన నమ్మకం. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. కాని ఆ రోజున పిట్టను పట్టి, పంజరంలో పెట్టి చూపించి డబ్బు వసూలు చేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. పొలం దారిలో కరెంటు తీగ మీద వాలిన పిట్టను చూడటమే అసలు ఆచారమని చెప్పండి. జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి వేయడం కూడా అదే చట్టం కింద నేరం. ఇక్కడ మర్యాద మాటలో ఉండాలి, సడలింపు మాత్రం ఉండకూడదు.

పండుగ, సంస్కృతి

బతుకమ్మ రోజుల్లో తోటకు వచ్చే జనం ఎక్కువ, వినే ఓపిక తక్కువ. పొడవాటి ఉపన్యాసం వద్దు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే ఈ పండుగ 2023లో అక్టోబరు 14న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. మూడు వారాలు అటూఇటూ అయితే గునుగు, తంగేడు పూత ఏ దశలో ఉంటుందో చూపిస్తే చాలు, చంద్రుడి లెక్కా చెట్టు లెక్కా ఒక్క చోట కనిపిస్తాయి. దసరాకు జమ్మి ఆకును బంగారమని పంచుకునే చోట, ఎండిన నేలలో లోతుగా వేళ్లు దించి పచ్చగా నిలిచే చెట్టు అదని ఒక్క మాట కలపండి.

గిరిజనుల జీవితం గురించి చెప్పేటప్పుడు భూతకాలం వాడకండి. “వాళ్లు ఇప్పపువ్వు ఏరేవారు” కాదు, “ఏరుతారు.” ఆ తెగవాళ్లు మీ బృందంలోనే ఉండవచ్చు, మీ తోటి ఉద్యోగులే కావచ్చు. మీకు తెలియని ఆచారానికి అర్థం కల్పించకండి. తెలిసినవాళ్లను పిలిపించి మాట్లాడించమని సంస్థను కోరండి. వాళ్లకు ఇచ్చేది జ్ఞాపిక, శాలువాతో సరిపెట్టకుండా రోజు కూలి లెక్కన డబ్బు కూడా ఇప్పించండి.

ఎండ, వాన, పిల్లలు

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో నడక పది గంటలలోపు, లేదా నాలుగు దాటాకే పెట్టండి. మధ్యాహ్నం పులి నిద్రపోతోందని సందర్శకులు విసుక్కుంటారు. వేడికి అది చేసే సరైన పని అదేనని, మనమూ అదే చేయాలని చెప్పి నీడకు తీసుకెళ్లండి. ఆగే చోట్లన్నీ చెట్టు నీడలో ఉండేలా దారి వేసుకోండి. సూర్యుడికి మీరు ఎదురుగా నిలబడండి, వాళ్లకు వీపు వైపు ఎండ ఉండాలి. వానాకాలంలో పాచి పట్టిన మెట్లు, ఉరుములప్పుడు ఒంటరి చెట్లు, గడ్డిలో పాములు, ఇవి పొద్దున్నే చూసుకోవలసినవి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, దగ్గర్లోని ఆసుపత్రి నంబరు మీ సంచిలోనే ఉండాలి.

పిల్లలకు పెద్దల ఉపన్యాసాన్ని కుదించి చెబితే కుదరదు. వాళ్లకు పని ఇవ్వాలి. రాలిన ఆకుల్లో అయిదు రకాలు తెండి, మూడు రకాల కూతలు వినండి, పండు లేని చెట్టు ఒకటి చూపించండి. కోసినవి కాక రాలినవే తేవాలన్నది నియమం. పక్షుల గూళ్ల దగ్గర ఫోన్లో కూత వినిపించి పిలవకండి. పిల్లలు సరదాపడతారు గాని తల్లి పక్షి గూడు వదిలి లేచిపోతుంది.

మీ ఎదుగుదల

ఈ ఉద్యోగాల్లో చాలావరకు తాత్కాలికమైనవి. సీజన్ ఉన్నప్పుడు ఊపిరాడదు, లేనప్పుడు జీతం ప్రశ్న. అందుకే మీ పనికి రుజువులు ఉంచుకోండి. నెలనెలా ఒక పేజీ నివేదిక అధికారికి ఇవ్వండి: ఎన్ని బృందాలు, జనం ఎక్కువగా అడిగిన ప్రశ్నలు, మార్చాల్సిన బోర్డులు, వచ్చే నెల చూపించదగ్గవి. జనం రాని నెలల్లో బళ్లకు వెళ్లి చెప్పే కార్యక్రమం మీరే ప్రతిపాదించండి. ఆ నెలల జీతానికి అది ఆధారమవుతుంది.

భాషల్లో హిందీ, ఇంగ్లిషు అందరూ నేర్చుకునేవే. నేలపట్టు, పులికాట్ వైపైతే తమిళం, శ్రీకాకుళం వైపైతే ఒడియా, ఏజెన్సీలో అయితే అక్కడి భాష మీకు అదనపు బలం. పర్యాటక మంత్రిత్వ శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు తెచ్చింది. పర్యావరణ మంత్రిత్వ శాఖకు గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ ఉంది. ప్రవేశాలు ఎప్పుడున్నాయో కనుక్కుంటూ ఉండండి.

సర్టిఫికెట్‌కు విలువ ఉంది, మీ రుతు పుస్తకానికి అంతకన్నా ఎక్కువ ఉంది. మూడేళ్లు ఆగకుండా రాసిన గైడు ఆ చోటుకు నిపుణుడు. కొత్త బోర్డు రాయాలన్నా, కొత్త దారి వేయాలన్నా సంస్థ అతన్ని అడగక తప్పదు. కాబట్టి రేపు డ్యూటీకి వెళ్లగానే మొదటి చెట్టు దగ్గర ఆగి, తేదీ వేసి, కనిపించింది రాయండి. ఆ రోజు మొదటి బృందానికి చెప్పాల్సింది అదే.